మా చెరువు మ్యాపులో ఆకుపచ్చగా ఎందుకుంది

“టీచర్, ఇది తప్పు. మా చెరువు ఇట్ట ఉండదు.”

ఐఎఫ్‌పీ (క్లాసులో ఉండే పెద్ద టచ్ ప్యానెల్) తెర మీద మా ఊరి శాటిలైట్ ఫొటో తెరిచి రెండు నిమిషాలు కూడా కాలేదు, ఎనిమిదో తరగతిలో వెనక బెంచీ పిల్లాడు ఒకడు లేచి నిలబడి ఈ మాట అన్నాడు. చూస్తే నిజమే, చెరువు ఉండాల్సిన చోట పచ్చటి చాప పరిచినట్టుంది. నేనైతే అదేదో పొలమనుకుని దాటిపోయేదాన్ని. వాడు ముందుకొచ్చి వేలు పెట్టి చూపించాడు, ఇది కట్ట, ఇది తూము, ఇక్కడ నిండిన నీళ్ళు పొర్లిపోయే కలుజు, ఈ పచ్చదంతా గుర్రపుడెక్క, పోయినేడాది మా నాయన వాళ్ళు నెల రోజులు పడి తీసేశారు, ఇప్పుడు పోయి చూస్తే నీళ్ళే కనిపిస్తాయి అని. గూగుల్ ఎర్త్‌లో తెర కింది భాగాన ఫొటో తీసిన తేదీ ఉంటుంది. చూశాను. గుర్రపుడెక్క తీయకముందు తేదీయే. వాడు చెప్పింది సరిగ్గా సరిపోయింది.

ఆ పీరియడ్‌లో నేను చెప్పాల్సిన పాఠం వేరు. పక్కన పెట్టేశాను. ఎందుకంటే నాలుగేళ్ళుగా నేను ఈ డిజిటల్ మ్యాపులతో కిందా మీదా పడుతున్నది ఇలాంటి ఒక్క మాట కోసమే, తెర మీద ఉన్నది తప్పు అని ఒక పిల్లాడు తనకు తెలిసినదాన్ని బట్టి చెప్పడం కోసం.

నేను సోషల్ టీచర్‌ని. నెల్లూరు జిల్లా కోవూరు చుట్టుపక్కల ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పని చేస్తున్నాను, పెన్నకు ఉత్తరం ఒడ్డున, చుట్టూ వరి కయ్యలు, ఇంకా తూర్పుకు పోతే రొయ్యల గుంటలు, ఆ తర్వాత సముద్రం. పుట్టిల్లు మాత్రం ప్రకాశం జిల్లా, చీమకుర్తి వైపు.

మొదటి ఏడాది నేను చేసింది ఇప్పుడు తలుచుకుంటే బాధగానే ఉంటుంది. బడులు బాగుచేసే ప్రభుత్వ పథకం నాడు-నేడు కింద బడికి ఐఎఫ్‌పీ ప్యానెల్ వచ్చింది, చాలా సంబరపడ్డాను. అంతరిక్షంలోంచి భూగోళం, అక్కడి నుంచి ఆసియా, ఇండియా, ఆంధ్ర, నెల్లూరు, కోవూరు, మా ఊరు, మా బడి కప్పు, ఇలా గుయ్యిమని దిగుకుంటూ వచ్చేసరికి పిల్లలు కేకలు పెట్టారు. తర్వాత ఒక్కొక్కరూ మా ఇల్లు చూపించండి టీచర్, మా అమ్మమ్మ ఊరు చూపించండి, అదీ ఇదీ. గంట కొట్టేశారు. నేను గొప్ప పాఠం చెప్పాననుకున్నాను. మర్నాడు ఖాళీ కాగితాలిచ్చి, నిన్న చూసిన మన ఊరి మ్యాపు గీయండి అంటే నలభై మందిలో ఒక్కరు కూడా కాలవ ఎటు నుంచి ఎటు పోతుందో గీయలేకపోయారు. చూసినంతసేపూ చూశారు, ఏమీ మిగల్లేదు. సినిమా ట్రైలర్ చూసినట్టు చూశారంతే.

అప్పటి నుంచి వరస తిప్పేశాను. ముందు కాగితం, తర్వాతే తెర. జూన్‌లో బడి తెరవగానే మొదటి వారం ప్యానెల్ ముట్టుకోను. ఇంటి నుంచి బడికి వచ్చే దారి గీసుకు రమ్మంటాను, స్కేలు వద్దు, కొలతలు వద్దు, దారిలో ఏమేం తగులుతాయో అన్నీ పెట్టమంటాను. పోలేరమ్మ గుడి, రైస్ మిల్లు, సచివాలయం, ఆర్వో ప్లాంటు, కరిచే కుక్క ఉండే ఇల్లు, అన్నీ వస్తాయి. కరిచే కుక్క ఇల్లు చాలా మంది మ్యాపుల్లో బడికంటే పెద్దదిగా ఉంటుంది, అది నాకెంతో ఇష్టం, ఎందుకంటే ఏది ముఖ్యమో అది పెద్దదిగా గీయడమనే పని పిల్లలు ఎవరూ చెప్పకుండానే చేస్తారు, స్కేలు అనేది ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పడానికి అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇంకొకటి గమనించాను. మా పిల్లల్లో సగం మంది తూర్పును కాగితం కింది వైపున పెడతారు. మొదట్లో తప్పని ఎర్రపెన్నుతో కొట్టేశాను కూడా. తర్వాత అర్థమైంది. మా వైపు ఎవరినడిగినా దిక్కులు చెప్పరు, ఎగువ, దిగువ అంటారు. పెన్న పడమటి నుంచి తూర్పుకు పారుతుంది, కాలవలూ అటే, కాబట్టి సముద్రం వైపు దిగువ, సంగం వైపు ఎగువ. ఎగువ అంటే పైన, దిగువ అంటే కింద. మరి పిల్లలు తూర్పును కిందనే కదా పెడతారు! వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఇప్పుడు కొట్టేయను, ఆ కాగితాన్ని అలాగే ప్యానెల్ పక్కన పట్టుకుని, తెర మీద బొమ్మను వేళ్ళతో తిప్పి, వాళ్ళ కాగితంలాగే దిగువను కిందికి తెస్తాను. రెండూ ఒకటైపోతాయి. ఆ తర్వాత ఉత్తరాన్ని మళ్ళీ పైకి తిప్పుతాను. ఉత్తరం పైన ఉండాలన్నది మనుషులు పెట్టుకున్న ఒప్పందమని, ఆకాశంలో అట్లా రాసి లేదని మాటల్లో ఎంత చెప్పినా ఎక్కనిది ఆ రెండు తిప్పుల్లో ఎక్కుతుంది.

మా ఊరి పక్కనే ఇంకో మంచి వస్తువుంది, ఆ విషయం నాకు కూడా ఫోన్ చేతిలోకి వచ్చాకే తెలిసింది. 80 డిగ్రీల తూర్పు రేఖాంశం నెల్లూరు పట్నానికి తూర్పుగా, కోవూరు పక్క నుంచే పోతుంది. అట్లాస్‌లో రోజూ చూసే గీత, మా పొలాల్లోంచి పోతోంది. హెడ్‌మాస్టర్ గారి అనుమతి తీసుకుని ఒక శనివారం పదిహేను మంది పిల్లల్ని తీసుకుని దాన్ని వెతకడానికి బయల్దేరాము. ఫోన్‌లో జీపీఎస్ అంకెలు చూపించే యాప్ పెట్టి, 79.99 దగ్గర మొదలుపెట్టి, గట్ల మీద తూర్పుకు నడవడమే. దశాంశం తర్వాత నాలుగో అంకె ఒకటి మారాలంటే మా అక్షాంశం మీద దాదాపు పదకొండు మీటర్లు నడవాలి, ఇది పిల్లలు వాళ్ళంతట వాళ్ళే అడుగులు లెక్కపెట్టి సుమారుగా పట్టుకున్నారు. 79.9998, 79.9999, ఆ తర్వాత 80.0000. ఒక కయ్య గట్టు మీద. ఫోన్ అంకె నిలకడగా ఉండదు, ఐదారు మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది, రెండు ఫోన్లు రెండు చోట్లు చూపించాయి, ఎవరి ఫోన్ కరెక్టని గొడవ పడ్డారు. కొలతలో తేడా ఉంటుందని, ఎంత తేడా ఉందో కూడా చెప్పాలని నేర్పడానికి ఆ గొడవ బాగా పనికొచ్చింది. చివరికి రెండు చోట్లకూ మధ్యన ఒక కర్ర పాతారు. ఆ పొలం ఆయన వచ్చి, ఏందమ్మా సర్వే చేస్తున్నారా, రీసర్వేలో ఇప్పటికే నాకు నాలుగు సెంట్లు తగ్గింది అని కంగారు పడ్డాడు. పిల్లలే కూర్చోబెట్టి చెప్పారు ఆయనకు, తాతా నీ పొలం మీదుగా భూమి గీత పోతోంది అని. ఆయన చాలాసేపు ఆ కర్ర వైపు చూస్తూ నిలబడ్డాడు.

సోమవారం క్లాసులో టైమ్ లెక్క. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖ మీద నడుస్తుంది, మనం 80 మీద ఉన్నాం, తేడా రెండున్నర డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు, కాబట్టి మనకు మిట్టమధ్యాహ్నం గడియారంలో పన్నెండు దాటి పది నిమిషాలకు. పుస్తకంలో ఉన్న లెక్కే. కానీ డిసెంబరు మూడో వారంలో బడి ఆవరణలో మీటరు కర్ర నిలబెట్టి, పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెడితే, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నది పన్నెండు దాటి ఐదు, పది నిమిషాల మధ్యన వచ్చింది. ఇది ఏ నెలలో చేసినా ఒకేలా రాదు, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి పూర్తి గుండ్రంగా లేకపోవడం వల్ల, ఇరుసు వాలు వల్ల పావుగంట దాకా అటూ ఇటూ జరుగుతుంది. డిసెంబరు మూడో వారంలో ఆ తేడా రెండు మూడు నిమిషాలే, అందుకే ఆ రోజులు ఎంచుకున్నాను. పైగా ఆ పొట్టి నీడ చూపించే వైపే అసలు ఉత్తరం. ఫోన్ దిక్సూచిని పక్కన పెట్టి సరిచూసుకున్నారు.

రుతుపవనాల పాఠం గురించి కూడా చెప్పాలి. పుస్తకంలో వానంటే ముందు నైరుతి, జూన్ నుంచి సెప్టెంబరు. మా జిల్లాకు ఎక్కువ వాన పడేది ఈశాన్య రుతుపవనాలప్పుడు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పిల్లలకు ఇది ఒంటికి తెలుసు, పరీక్షలో మాత్రం జూన్ అని రాస్తారు. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల ఫొటోలు ఉచితంగా దొరుకుతాయి, పది మీటర్ల స్పష్టత, మామూలుగా ఐదు రోజులకొక ఫొటో. మా ఊరి చెరువుకు సోమశిల ప్రాజెక్టు నీళ్ళు కూడా కాలవల ద్వారా వస్తాయి కాబట్టి అది పనికిరాదు. ఉదయగిరి వైపు వానాధారం చెరువులు తీసుకుని, జూలై ఫొటో ఒకటి, డిసెంబరు ఫొటో ఒకటి పక్కపక్కన ప్రింటు తీయించి ఇచ్చాను, తేదీలు చెప్పలేదు. ఏది ఏ నెలో చెప్పమన్నాను. పుస్తకం నమ్మినవాళ్ళు నిండుగా ఉన్నది జూలై అన్నారు. ఉదయగిరి దగ్గర మేనత్త ఉన్న ఒక అమ్మాయి మాత్రం, కాదు, సంక్రాంతికి పోయినప్పుడే అక్కడ నీళ్ళుంటాయి, ఎండాకాలం సెలవులకు పోతే చిల్లచెట్లే ఉంటాయి అంది. ఆ మాట చాలు, మిగతా పాఠం తనంతట తాను నడిచింది.

2021 నవంబరు వరద మా పిల్లలకు గుర్తుంది. అప్పుడు వాళ్ళు చిన్నవాళ్ళు. సోమశిల నుంచి వదిలిన నీళ్ళు, ఎగువన కడప జిల్లాలో పడ్డ వానలు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోవడం, హైవే తెగిపోవడం, ఇవన్నీ ఇళ్ళల్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ప్రాజెక్టు పనిగా ఒక్క ప్రశ్నే ఇచ్చాను: మీ ఇంట్లో పెద్దవాళ్ళను, పక్కింటివాళ్ళను, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అడగండి, ఆ చోటికి పోయి ఫోన్‌లో పిన్ను పెట్టండి. గోడ మీద మరక ఎక్కడుంది, గడప ఎన్నో మెట్టు మునిగింది, బర్రెల్ని ఏ మిట్టకు తోలుకుపోయారు. పది రోజుల్లో అరవైకి పైగా పిన్నులు వచ్చాయి. వాటిని గూగుల్ మై మ్యాప్స్‌లో ఒకచోట చేర్చి, గూగుల్ ఎర్త్‌లో ఒక్కో పిన్ను దగ్గర నేల ఎత్తు ఎంతో చూశాం. ఆ ఎత్తు అంకెల్లో కొన్ని మీటర్ల తేడా ఉండొచ్చు, చదునైన మా డెల్టాలో మీటరు తేడా అంటే చాలా ఎక్కువ, కాబట్టి అంకెను నమ్మి ఎవరి ఇల్లు మునుగుతుందో చెప్పకూడదు, ఇది పిల్లలకు గట్టిగా చెప్పాను. అయినా పిన్నులన్నీ కలిపి చూస్తే ఒక గీత తేలింది. బర్రెల్ని తోలుకుపోయిన మిట్ట, పాత పోలేరమ్మ గుడి, వెనకటి పెద్దల ఇళ్ళు, ఇవన్నీ ఆ గీతకు పైనున్నాయి. తర్వాత వేసిన ఇళ్ళ ప్లాట్లు చాలావరకు కిందున్నాయి. నేను ఏమీ చెప్పలేదు. ఒక పిల్లాడు, టీచర్, ముసలోళ్ళకు కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) తెలుసా? అనడిగాడు. తెలుసు నాన్నా, గీతలని తెలియదు అంతే అన్నాను.

మబ్బులు కమ్మిన రోజు ఉపగ్రహానికి వరద ఎలా కనపడుతుందని కూడా అడిగారు, సెంటినెల్-1 లాంటి రాడార్ ఉపగ్రహాలు మబ్బుల్లోంచి, చీకట్లో కూడా చూస్తాయని, నున్నటి నీళ్ళు ఆ ఫొటోలో నల్లగా వస్తాయని చెప్పాను. అంతకన్నా లోతుకు పోలేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. పిన్నులు పెట్టే పనిలో ఉన్నప్పుడు ఒక అమ్మాయి మాత్రం ఖాళీగా కూర్చుంది. ఏమ్మా అంటే, మా కాలనీ ఇందులో లేదు టీచర్, ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు అంది. వాళ్ళది యానాదుల కాలనీ, కాలవ గట్టు దాటాక ఉంటుంది, ముప్ఫై నలభై ఇళ్ళు. శాటిలైట్ ఫొటోలో కప్పులు కనిపిస్తున్నాయి. మ్యాపులోకి మారిస్తే ఖాళీ నేల. పేరు లేదు, దారి లేదు. పక్కనున్న రొయ్యల కంపెనీ షెడ్డుకు పేరుంది, పెట్రోలు బంకుకు పేరుంది. ఆ అమ్మాయి అడిగిన తీరులో కోపం లేదు, అలవాటైపోయినట్టు అడిగింది, అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. నాలుగేళ్ళు మ్యాపులు చూపించిన నేను ఆ సంగతి ఒక్కసారి కూడా గమనించలేదు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గురించి అంతకుముందే విన్నాను, 2004లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన బ్రిటన్‌లో మొదలుపెట్టారు, ఎవరైనా ఖాతా తెరిచి తమ ఊరిని గీయొచ్చు. ఆ రాత్రి కూర్చుని నేర్చుకున్నాను. రెండు నియమాలు ముందే చెప్తాను, వేరే టీచర్లకు పనికొస్తుంది: గూగుల్ మ్యాపులోంచి పేర్లు ఎత్తి ఇందులో పెట్టకూడదు, మన కళ్ళతో చూసింది, మనకు తెలిసింది, వాళ్ళు అనుమతి ఉందని ఇచ్చే ఫొటోల మీద గీసుకున్నదే పెట్టాలి. రెండోది, మనుషుల పేర్లు, ఎవరి ఇల్లు ఏదన్నది పెట్టకూడదు. ఆడపిల్లల ఇళ్ళ విషయంలో నేను మరీ ఖచ్చితంగా ఉంటాను. ఖాతా నా పేరునే ఉంది, పిల్లల చేత తెరిపించలేదు.

ఒక ఆదివారం ఆ అమ్మాయి, ఇంకో ఐదుగురు, నేను కాలనీకి పోయాము. దారి పొడుగునా జీపీఎస్ ట్రాక్ పెట్టుకున్నాం. కాలనీ పేరు దగ్గర ఆగిపోయాం. పంచాయతీ కాగితాల్లో ఒక నాయకుడి పేరుతో కాలనీ ఉంది, ఊళ్ళోవాళ్ళు ఇంకో రకంగా అంటారు, ఆ అనేది నేను ఇక్కడ రాయను. అక్కడివాళ్ళు ఏమంటారని అడిగితే ఒక పెద్దామె, ఇక్కడ రావి చెట్టుండేది, మేము రావిమానుమిట్ట అంటాం అంది. చెట్టు ఇప్పుడు లేదు. ఏం పేరు పెట్టాలన్నది వాళ్ళే తేల్చుకోమన్నాను, గంటసేపు మాట్లాడుకుని రావిమానుమిట్ట అన్నారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరుకు విడిగా ఒక గడి ఉంటుంది, అందులో ఆ అమ్మాయే టైపు చేసింది. కాలవ మీది చిన్న వంతెన, బోరింగ్ పంపు, అంగన్‌వాడీ, వర్షాకాలంలో నడవడానికి వీల్లేని దారి, అవి కూడా గీసింది. సోమవారం క్లాసులో తెరిస్తే పేరు కనపడింది. ఆ అమ్మాయి లేచి తెర దగ్గరికి వచ్చి, మా ఇంటికి దారి చెప్తానని అందరికీ వేలితో చూపించింది, అంతకుముందు ఆ అమ్మాయి క్లాసులో ఎప్పుడూ తనంతట తాను లేచి మాట్లాడలేదు.

దానికి తర్వాత చాలా చేర్చారు పిల్లలు. ఇంకా చేరుస్తున్నారు.

మా పుట్టింటి వైపు కూడా క్లాసులో చూపించాను, అది నా స్వార్థం అనుకోండి. చీమకుర్తి, రామతీర్థం దగ్గర గెలాక్సీ గ్రానైట్ క్వారీలు. గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ 1984 నుంచి ఉంటుంది. నా చిన్నప్పుడు మేకల్ని మేపిన నేల ఏడాదికేడాది తెల్లగా గీరుకుపోయి మెట్లు మెట్లుగా గొయ్యి కావడం ఒక్క నిమిషంలో కనపడుతుంది. వనరుల పాఠానికి అంతకన్నా మంచి బొమ్మ నాకు దొరకలేదు, కానీ అది చూపించినప్పుడల్లా ఆ క్వారీల జీతాలతోనే మా చుట్టుపక్కల చాలా ఇళ్ళు గడిచాయని కూడా చెప్తాను, బొమ్మలో గొయ్యి కనపడుతుంది, జీతం కనపడదు. కంభం చెరువు కూడా అలాగే, రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఆ కట్టను పైనుంచి చూస్తే ఎందుకు అక్కడే కట్టారో ఎవరికీ చెప్పక్కర్లేదు.

రొయ్యల గుంటల విషయంలో క్లాసులో పెద్ద గొడవే అయింది. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత ఫొటోలకు వెనక్కి పోయే స్లైడర్ ఉంటుంది, దాన్ని జరిపితే కయ్యలు గుంటలవడం చూడొచ్చు. గుంటలున్నవాళ్ళ పిల్లాడు, దాని పక్కన వరి వేసేవాళ్ళ పిల్లాడు ఇద్దరూ అదే క్లాసులో ఉన్నారు. ఉప్పు మా కయ్యలోకి దిగుతోందని ఒకడు, మా నాయన అప్పు తీరింది దీంతోనే అని ఇంకొకడు. ఆ వాదన నేను తీర్చలేదు, తీర్చగలిగే దాన్ని కూడా కాదు. ఎన్నెకరాలు మారాయో ఇద్దరినీ కలిసి కొలవమన్నాను, కొలిచారు, అంకె దగ్గర మాత్రం ఇద్దరికీ తేడా రాలేదు.

నెట్ గురించి అడిగే టీచర్ల కోసం: మా బడిలో నెట్ ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు ఉండదు. దాన్ని నమ్ముకుని పాఠం పెట్టుకోను. ముందురోజు రాత్రి ఇంట్లోనే కావాల్సిన చోట్లన్నీ తెరిచి స్క్రీన్‌షాట్లు తీసుకుంటాను, ముఖ్యమైనవి జెరాక్స్ షాపులో ఏ3 కాగితం మీద ప్రింటు తీయిస్తాను, నలుగురికొకటి. ప్రింటు మీద స్కెచ్‌పెన్‌తో గీయొచ్చు, అది తెర మీద కుదరదు. ఆఫ్‌లైన్‌లో పని చేసే ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌యాండ్ లాంటివి ఫోన్‌లో పెట్టుకుంటే పొలాల్లో కూడా పనికొస్తాయి. ఇస్రో వాళ్ళ భువన్ 2009 నుంచి ఉంది, భూమి వినియోగం మ్యాపులు, స్కూలు పిల్లల కోసం విడిగా ఒక విభాగం ఉన్నాయి, పదో తరగతి వనరుల పాఠానికి నేను ముందు అదే తెరుస్తాను. ఫోన్‌లో నిదానంగా తెరుచుకుంటుంది, ఓపిక పట్టాలి.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే, దీనికి మార్కులుంటాయా మేడం అని. పదో తరగతిలో మ్యాప్ పాయింటింగ్ ఉంది కాబట్టి ఉంటాయని చెప్తాను, అది అబద్ధం కాదు. కానీ పాయింటింగ్‌ను చుక్కలుగా బట్టీ పట్టించే పద్ధతి మీద నాకు చాలా కోపముంది. కృష్ణ ఇక్కడ చుక్క, పెన్న ఇక్కడ చుక్క, ఆ చుక్క పెట్టే పిల్లాడు రోజూ పెన్న దాటి వస్తున్నాడు, తాను చుక్క పెట్టిన నది అదేనని వాడికి ఎవరూ చెప్పలేదు. పరీక్షలకు ముందు నేను కూడా టెన్షన్‌తో చుక్కలే చేయిస్తాను, ఆ రెండు నెలలు ప్యానెల్ మీద మ్యాపులు తెరవడానికి టైమ్ దొరకదు. దీన్ని ఎలా మార్చాలో ఆలోచిస్తున్నాను, మీరెవరైనా చేసి ఉంటే చెప్పండి.

చెరువు పిల్లాడి సంగతి. వాడు గుర్రపుడెక్క లేని చెరువును కాగితం మీద గీసి తెచ్చాడు, కట్ట పొడవు అడుగులతో కొలిచి, తూము దగ్గర లోతు వాళ్ళ నాయన్నడిగి రాసుకుని. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ చెరువుకు అంచు గీయాలిప్పుడు. నిండినప్పటి అంచు గీయాలా, ఎండాకాలం అంచు గీయాలా అని అడిగాడు. నాకు కూడా తెలియలేదు. శనివారం ముందు కలుజు ఎత్తు కొలుద్దాం, నీళ్ళు అంతవరకే కదా ఆగేది, అన్నాను. బడిలో టేపు ముప్ఫై మీటర్లదే ఉంది, పొడుగుది వాళ్ళ మామయ్య దగ్గర ఉందట, తెస్తానన్నాడు.